చప్టా పక్క ఉల్లికాడలు

మా ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చిన దగ్గర్నుంచీ నాకు నిలబడి ఆలోచించుకునే హక్కు పోయింది. తలుపు తీసి కాసేపు నిలబడితే చాలు, కూత మొదలెడుతుంది. పాతదానికి ఈ రోగం లేదు. తలుపు తీసి, లోపలి చల్లదనం మొహానికి తగులుతుంటే, వచ్చిన పని మర్చిపోయి అలా నిలబడిపోయేవాణ్ణి. నా రాతల్లో కాస్తో కూస్తో లోతు అంటూ ఉంటే అది ఆ ఫ్రిజ్ ముందు పుట్టిందే. కొత్తది దాన్ని సాగనివ్వదు. కావలసింది తీసుకుని తలుపు వెయ్యమన్నట్టు కూస్తుంది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా సరిగ్గా అదే మాట అంటుంది కాబట్టి, నాకు వ్యతిరేకంగా ఇంట్లో ఇప్పుడు మెజారిటీ ఉంది.

మొన్న ఆ కూత మధ్యలోనే కూరల అరలో ఒక ప్లాస్టిక్ సంచి కనపడింది. మీద ఇంగ్లీషులో స్ప్రింగ్ ఆనియన్స్ అని రాసుంది. లోపల ఉల్లికాడలు, వేళ్ళు కోసి, కొసలు కత్తిరించి, అన్నీ ఒకే పొడుగున, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టున్నాయి. అప్పటికి మా రాజ్యం అత్త కంటి డాక్టరుకి చూపించుకోవడానికి సింగరాయకొండ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆవిడ మా నాన్నకి చెల్లెలు, డెబ్భై దగ్గరపడుతున్న మనిషి. ఆ సంచి చేతిలోకి తీసుకుని, కొత్త కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసి, "ఇవేందిరా, ఆసుపత్రిలో పుట్టినట్టున్నాయి" అంది. పక్కనే ఉన్న మా అమ్మాయి, ఏ కళనుందో, ఫోను లోంచి తలెత్తి, "నాన్నా, వీటిని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. చెప్పాను. "అంటే ఏంటి? ఆ పేరు ఎందుకొచ్చింది?" అంది. ఇరవై అయిదేళ్ళు దాటిపోయాయి, ఇదే ప్రశ్న అడగడానికి మా నాయనమ్మ నన్ను బస్సెక్కించి గుంటూరు పంపింది. ఆ జవాబు మీద అప్పుడు మా తాతయ్య భోజనం ఆధారపడి ఉంది. మా అమ్మాయికి ఆ సాయంత్రం చెప్పిన కథే ఇది. తనకి కొంచెం క్లుప్తంగా చెప్పాను, ఫోను మోగుతుందన్న భయంతో.

మా ఊరు చిలకలూరిపేటకి పడమటగా, నల్లరేగడి మధ్యలో ఉంటుంది. వానొస్తే చెప్పుల్ని, ఎండొస్తే ఓపికని మింగేసే నేల అది. పత్తి, మిరప తప్ప ఇంకో పంట పేరెత్తితే ఆ మనిషికి ఒంట్లో బాగాలేదేమో అని అడిగేవాళ్ళు. మా ఇల్లు పెంకుటిల్లు. వెనక వైపు వసారా, ఆ వసారాకి ఎదురుగా పెరడు, పెరట్లో బోరింగు పంపు, దాని కింద సిమెంటు చప్టా. ఇంటి వ్యవహారమంతా ఆ చప్టా మీదే నడిచేది. అంట్లు అక్కడే, బట్టలు అక్కడే, గొడవలు అక్కడే. చేలో పురుగుమందు కొట్టి వచ్చిన మా నాన్నకి మాత్రం అక్కడ ప్రవేశం లేదు. ఆ మందు వాసన మనిషి కంటే ముందు సందు మలుపు తిరిగేది. నాయనమ్మ చీపురు చేత్తో పట్టుకునే ఎదురెళ్ళి, ఆయన్ని అటునుంచటే పశువుల కొట్టం వైపు తోలేది. అక్కడ వేరే తొట్టి, వేరే సబ్బు, వేరే లుంగీ. స్నానం చేసి వచ్చాక కూడా ఓసారి వాసన చూసి గానీ లోపలికి రానిచ్చేది కాదు. "ఆ నీళ్ళు నా చప్టాకి తగిలితే ఊరుకోను" అనేది. ఆ నీళ్ళు తగలకూడనిది నిజానికి చప్టాకి కాదు, చప్టా పక్కనున్న ఉల్లికాడల మడికి.

ఆ మడి ఎవరూ వేసింది కాదు. ఎండాకాలంలో అటక మీద పోసిన ఉల్లిపాయలు వానలు వెళ్ళేసరికి ఒక్కొక్కటే మొలకెత్తడం మొదలుపెట్టేవి. మొలకొచ్చిన ఉల్లిపాయ కూరకి పనికిరాదు, పారెయ్యడానికి నాయనమ్మకి చెయ్యి రాదు. అందుకని అంట్ల నీళ్ళు పారే కాలవ పక్కన తడి మట్టిలో గుచ్చేది. చలి మొదలయ్యేసరికి అక్కడ పచ్చగా, నిటారుగా, బళ్ళో పిల్లల్లా వరసలు నిలబడేవి. వాటిని ఎవరూ పీకకూడదు. చిన్న కొడవలితో మట్టికి రెండు వేళ్ళ పైన కొయ్యాలి. కోసిన చోటే మళ్ళీ వచ్చేవి. వంటకి మా ఇంట్లో మిరపకట్టె వాడేవాళ్ళం. ఆ కట్టెలో ఎక్కడో ఒక ఎండుకాయ దాక్కుని ఉండేది. అది మంటలో పడగానే ఇంట్లో వాళ్ళందరం ఒకేసారి దగ్గేవాళ్ళం, వీధిలో పోయేవాళ్ళు కూడా తమ వంతు దగ్గి వెళ్ళేవాళ్ళు. ఆ ఘాటు సర్దుకున్నాక, దాని వెనకే, పులుసులో ఉడుకుతున్న ఉల్లికాడల వాసన మెల్లగా వచ్చేది. నాకు ఆకలి అంటే ఇప్పటికీ ఆ రెండు వాసనలూ ఆ వరసలోనే గుర్తొస్తాయి. ముందు దగ్గాలి, తర్వాత ఆకలెయ్యాలి.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్న ఏడాది మా తాతయ్యకి టైఫాయిడ్ వచ్చింది. ఈ రెంటికీ సంబంధం లేదు, ఊళ్ళో కొందరు ఉందనుకున్నా. బ్రాడీపేటలో ప్రతి రెండో ఇంటి మీదా ఇంజినీరింగ్ కోచింగ్ బోర్డులు వేలాడుతున్న కాలంలో నేను అదే బ్రాడీపేటలో గది తీసుకుని తెలుగు చదువుతున్నానంటే, "అదేంది, పిల్లాడికి తెలుగు రాదా?" అని అడిగినవాళ్ళున్నారు. తాతయ్య మాత్రం, "పోనీలే, పత్తికంటే నయం" అన్నాడు.

ఆ జ్వరం దసరా ముందు పట్టుకుంది. గుంటూరు తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు, మళ్ళీ తీసుకెళ్ళారు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఒకరోజు ఆయన ఎవర్నీ గుర్తుపట్టకుండా మాట్లాడుతుంటే, నాయనమ్మ పెరట్లోకి వెళ్ళి కోటప్పకొండ ఉన్న దిక్కుకి తిరిగి, చేతులెత్తి, గట్టిగా మొక్కుకుంది. "కోటయ్యా, ఈయన్ని లేపి కూర్చోబెట్టు. కార్తీకమంతా నా ఇంట్లో ఉల్లి అనేది ఉండదు. ఉంచం, తినం, ముట్టం." మా నాయనమ్మ గొంతు కొండదాకా వినపడిందో లేదో గానీ గోడ అవతలున్న మస్తాన్ బాబాయికి వినపడింది. దీపావళి లోపే జ్వరం దిగింది. తాతయ్య లేచి కూర్చున్నాడు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి ఇక బంతి మా ఇంటివైపుంది.

దీపావళి మర్నాడు తెల్లారకముందే అటక మీద ఉల్లిపాయలన్నీ తట్టల్లోకి ఎత్తించి గోడమీదుగా మస్తాన్ బాబాయి ఇంటికి దాటించింది. ఆయన మిరపకాయల బేరం చేసే మనిషి, తాతయ్యకి చేలో తోడు, పేకాటలో శత్రువు. తట్టలు అందుకుంటూ, "కార్తీకం అయ్యేదాకా నా దగ్గర భద్రం పిన్నీ, కాకపోతే కాసిని తగ్గుతాయి" అన్నాడు. నాయనమ్మ అటక తుడిచింది, కత్తిపీట కడిగింది, పోపులపెట్టె ఎండబెట్టింది. ఇల్లంతా పవిత్రమైంది. ఒక్కటే మర్చిపోయింది. అది ఎదురుగా ఉంది కాబట్టి మర్చిపోయింది.

జ్వరం పోతూ పోతూ తాతయ్య ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేవాడు, ఎవరిదో వస్తువు పొరపాటున నోట్లో పెట్టుకున్నట్టు. జావ వద్దు, మజ్జిగన్నం వద్దు, ఇడ్లీ వద్దు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. సింగరాయకొండ నుంచి రాజ్యం అత్త వచ్చి పక్కన కూర్చుని, ఉప్పుడు పిండి దగ్గర్నుంచి సేమ్యా దాకా అన్నీ వండిపెట్టింది. గుంటూరు డాక్టరు సంగతి సూటిగానే చెప్పాడు. "రోగం పోయింది. ఇక మీ చేతుల్లో ఉంది. తినకపోతే మనిషి దక్కడు. మళ్ళీ ఇక్కడికి తెచ్చినా నేను చేసేదేం ఉండదు." నాన్న ఆ మాట చప్టా దగ్గర నాయనమ్మకి చెప్పాడు. ఆవిడ అంట్లు తోముతూనే వింది. ఆ పూట గిన్నెలు మామూలు కంటే బాగా తళతళలాడాయి.

ఆ శనివారం నేను గుంటూరు నుంచి వచ్చేసరికి తాతయ్యని వసారాలో నులకమంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు. ఆయన చూపు నా మీద లేదు. ఎదురుగా, చప్టా పక్కన, ఉల్లికాడలు మోకాలెత్తు ఎదిగి గాలికి ఊగుతున్నాయి.

"ఏమే," అన్నాడు ఆయన, నాయనమ్మని ఉద్దేశించి. "ఉల్లికాడల పులుసు పెట్టు. రెండు ఎండ్రొయ్యలు వెయ్యి."

ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం జ్వరం తర్వాత అదే మొదలు. రాజ్యం అత్త చటుక్కున లేచింది. నాయనమ్మ మాత్రం కదల్లేదు.

"కార్తీకం. పైగా మొక్కు. ఉల్లి ముట్టనని మాటిచ్చాను."

"సరే, రొయ్యలు నేను వదులుకుంటా. కాడల మీద పట్టు నువ్వు వదులుకో."

"బేరాలా? అవి ఉల్లి కాదా?"

"ఉల్లెట్టా అవుద్ది? తాటాకు చాప మీద పడుకున్నవాడు కల్లు తాగినట్టా? కొత్తిమీర తింటే ధనియాలు తిన్నట్టా?"

"ముద్ద దిగడం లేదు గానీ మాట మాత్రం దిగుతోంది" అంది నాయనమ్మ.

రాజ్యం అత్త తల్లికి అర్థమయ్యే దారి చూపించబోయింది. "పీకితే ఉల్లి అవుతుందమ్మా. మనం పీకం కదా, పైన కోస్తాం. గడ్డ మట్టిలోనే ఉంటుంది, దాని మానాన అది. పైది ఆకుకూర." తాతయ్య దాన్నందుకుని, మంచంపట్టె పట్టుకుని కాస్త ముందుకు వంగి, తన జీవితంలోకెల్లా గొప్ప తర్కం చేశాడు. "ఒసే, ఇటు విను. అవి ఉల్లి కాదంటావా, కోసి వండు. ఉల్లే అంటావా, ఇన్నాళ్ళనుంచీ నీ పెరట్లోనే ఉన్నాయి. ఉంచనన్నావుగా. మొక్కు ఎప్పుడో తప్పింది. అప్పుడూ వండు."

ఇంట్లో అందరం నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు. ఆయన వాదనలో గెలవడం కోసం అన్నాడు. ఆవిడకి వినపడింది వేరు. మొక్కు తప్పితే తగ్గిన జ్వరం మళ్ళీ వస్తుంది. అంట్ల నీళ్ళు పారించి తనే పెంచుతోంది, దేవుడికిచ్చిన మాటకి ఎదురుగా, పెరట్లో. కానీ పీకి అవతల పారేస్తే, ఆయన నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్కటి కళ్ళముందు పోతుంది. అటు ఒక భయం, ఇటు ఒక భయం. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"ఒరేయ్, నువ్వు చదివేది తెలుగేగా?"

"అవును నాయనమ్మా."

"మీ మాస్టారుకి తెలుస్తుందిగా. ఉల్లికాడ అంటే ఏందో, ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో, అది ఉల్లో కాదో కనుక్కురా. ఇప్పుడే వెళ్ళు. అప్పటిదాకా నేను దాన్ని ముట్టను, పీకను."

నా చదువు మా ఇంటికి పనికొచ్చిన మొదటి సందర్భం అది. ఆఖరిది కూడా అదేననుకుంటా. వచ్చిన బస్సే తిరిగి ఎక్కాను.

మా తెలుగు మాస్టారు ఆ టైములో ఇంట్లో లేరు. బ్రాడీపేటలో వాళ్ళ లైను చివర మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఉన్నారు. నిష్ఠగల కుటుంబం, ఇంట్లో ఏడాది పొడుగునా ఉల్లి రాదు. బండివాడు బజ్జీని నిలువుగా చీల్చి, దాన్నిండా పచ్చి ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఆయన చేతిలో పెడుతున్నాడు. నన్ను చూసి ఆయన ఏమాత్రం తడబడలేదు.

"కార్తీకం కదండీ మాస్టారూ" అన్నాను, ఊరుకోలేక.

"ఇది బండి నాయనా. బండికి మాసాలుండవు" అన్నారు, ఇంకో బజ్జీ చెప్పమని సైగచేస్తూ. అది నాకన్నమాట.

విషయమంతా విన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. బజ్జీ తినడం కూడా ఆపేశారు. ఒక పెద్దాయన భోజనం ఒక మాట మీద ఆగి ఉందంటే, ఆ మాటల మీదే బతికే మనిషికి అది చిన్న విషయం కాదని ఆ రోజు అర్థమైంది. ఆయన ఆ రోడ్డు పక్కన, ఆటోల హారన్ల మధ్య, నాకు చెప్పిన పాఠం తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. ఉల్లి అనేది ఎక్కణ్ణుంచో వచ్చిన మాట కాదు, మనదేనన్నారు. తమిళులకీ కన్నడిగులకీ మనకీ అది ఉమ్మడి ఆస్తి, ఎవరి వాటా ఎంతో తేల్చలేం. తెల్లనిది వెల్లుల్లి, నీరున్నది నీరుల్లి. లోపల అనే అర్థమున్న పాత మాటతో దానికి చుట్టరికం ఉందని కొందరంటారు, పొర లోపల పొర ఉంటుంది కాబట్టి. "నమ్మబుద్ధవుతుంది, ప్రమాణం మాత్రం చెయ్యను" అన్నారు. ఇక కాడ అంటే నిలబెట్టేది, పువ్వునైనా ఆకునైనా మోసేది. "తెలంగాణలో దీన్నే ఉల్లాకు అంటారు. చూశావా, వాళ్ళు ఆకును చూశారు. మనవాళ్ళకి అది ఆకులా అనిపించలేదు. ఆకన్నాక పరుచుకోవాలి, ఇది గొట్టంలా నిలబడింది. అందుకని కాడ అన్నారు. రాయలసీమలో ఉల్లిపాయే ఎర్రగడ్డ. ఇంగ్లీషులో ఇలాంటిదానికే స్కాలియన్ అని ఒక మాట ఉంది. ఎక్కడో పడమటి సముద్రం ఒడ్డున అస్కలోన్ అని పాత రేవు పట్నం. ఆ ఊరి ఉల్లి అని పేరు. మన కొత్తపట్నం రొయ్యలు అన్నట్టు."

"మరి ఉల్లికాడ ఉల్లేనాండీ?"

ఆయన చేతులు తుడుచుకున్నారు. కాదని చెప్పాలని ఆయనకెంత ఉందో ఆ తుడుచుకోవడంలో తెలుస్తోంది.

"మాటని బట్టి చూస్తే ఉల్లిదే. ఉల్లిని విడదీసి కాడని నిలబెట్టలేం. కాదని చెప్పి పంపితే మీ నాయనమ్మ నమ్ముతుంది. కానీ ఆవిడ నిన్ను పంపింది నిజం కోసం. ఇంకొక్క మాట చెప్పు ఆవిడకి. ఈ పేర్లు దేవుడు పెట్టినవి కావు. చేలోనూ వంటింట్లోనూ మనుషులు పెట్టుకున్నవి. ఆ లెక్కలో ఆవిడకి నాకంటే ఎక్కువ అధికారం ఉంది."

మర్నాడు పొద్దున నేను ఇంటికి చేరేసరికి ఎవరి స్థానాల్లో వాళ్ళున్నారు. తాతయ్య మంచం మీద, రాజ్యం అత్త జావ గ్లాసుతో ఆయన పక్కన, నాయనమ్మ చప్టా మీద, కాడలు కాడల చోట. ఆ పూట జావ కూడా ముట్టలేదని అత్త కళ్ళతోనే చెప్పింది. నేను అంతా చెప్పాను. ఎర్రగడ్డ దగ్గర నాయనమ్మ, "మరి వాళ్ళు ఏమని మొక్కుకుంటారో" అంది. రేవు పట్నం దగ్గర, "పాపం, వాళ్ళకి వేరే పేరు దొరకలేదేమో" అంది. ఆ తర్వాత అసలు మాట అడిగింది.

"అయితే ఉల్లేనంటావు."

"ఉల్లిదేనన్నారు నాయనమ్మా. పేర్లు పెట్టింది మనుషులే, మీ నాయనమ్మకి నాకంటే ఎక్కువ అధికారం ఉందని కూడా చెప్పమన్నారు."

"మంచాయనే" అంది. మాస్టారు దయతో తెరిచిపెట్టిన ఆ తలుపు వైపు ఆవిడ కన్నెత్తి కూడా చూడలేదు.

బజ్జీల బండి నాకు అప్పుడు గుర్తొచ్చింది. "నాయనమ్మా, నువ్వు మొక్కుకుంది ఇంట్లో ఉండదని కదా. చేలో పాక ఉంది. అక్కడ వండుదాం. తాతయ్యని బండిమీద తీసుకెళ్తాను. కార్తీకంలో వనభోజనం ఎటూ చెయ్యాల్సిందే."

రాజ్యం అత్త మొహం వెలిగింది. తాతయ్య కూడా ఒప్పుకున్నట్టు తలూపాడు. నాయనమ్మ నా వైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను. కోపం లేదు. చదువుకున్న మనవడు ఇలా తయారయ్యాడేమిటా అన్న జాలి ఉంది.

"ఇంతా చేసి దేవుడికి దొడ్డిదారి చూపించమంటావా? ఈయన్ని ఇచ్చింది ముందు గుమ్మంలోంచే కదరా."

లేచింది. చేతులు కడుక్కుంది. వసారా గోడకి గుచ్చి ఉన్న చిన్న కొడవలి తీసుకుంది. పీకేస్తుందనుకున్నాం అందరం. రాజ్యం అత్త, "అమ్మా, వద్దే" అని సగం లేచింది. నాయనమ్మ మడి పక్కన గొంతుక్కూర్చుని, ముందు కోటప్పకొండ దిక్కుకి తిరిగింది. ఈసారి గట్టిగా అరవలేదు. కౌలు మాట్లాడుకునేటప్పుడు పొలం గట్టు మీద కూర్చున్న పెద్దమనిషి గొంతుతో, మామూలుగా చెప్పింది.

"స్వామీ, మాట తప్పుతున్నాను. తెలిసే తప్పుతున్నాను. ఈయన తింటాడు, ఈయన్నేం అనబాక. ఈయన వాటా, ఇంట్లో వాళ్ళ వాటా, అన్నీ నా మీద రాసుకో. నెల కాదు, ఉన్నన్నాళ్ళూ ఉల్లి ముట్టను. గడ్డా వద్దు, కాడా వద్దు. నువ్వు ఏ పేరు పెట్టుకున్నా సరే."

చెప్పి, కొయ్యడం మొదలుపెట్టింది. మట్టికి రెండు వేళ్ళ పైన, ఎప్పటిలాగే.

ఆ పులుసు ఎలా చేసిందో అంతా నాకు గుర్తుంది. చింతపండు నానబెట్టింది, కాడలు వేలెడంత ముక్కలు కోసింది, చిన్న బెల్లం ముక్క వేసింది, కాస్త బియ్యప్పిండి కలిపి పోసింది. రోగం నుంచి లేచిన మనిషని కారం తగ్గించింది. గుంటూరు జిల్లాలో ఒక వండే మనిషి దేవుడికి ఇవ్వగల నైవేద్యాల్లో అది ఏమాత్రం చిన్నది కాదు. మెత్తగా వండిన అన్నంలో పోసి, తనే ముద్ద కలిపి అందించింది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదిలింది. గొంతు కదిలింది. రాజ్యం అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉప్పు తగ్గింది" అన్నాడు తాతయ్య.

"చూళ్ళేదు" అంది నాయనమ్మ.

ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశాడు. నిన్నటి తర్కాలన్నీ ఆ మొహంలోంచి ఒక్కొక్కటిగా దిగిపోయాయి. రెండో ముద్దకి చెయ్యి చాపాడు. ఆ పూట తినగలిగినంతా తిన్నాడు, సాయంత్రం మళ్ళీ అడిగాడు. మళ్ళీ జ్వరం రాలేదు. సంక్రాంతి దాటేసరికి మస్తాన్ బాబాయితో పేకాడి, ఓడిపోయి, ముక్కలు కలపడంలో మోసముందని పోట్లాడే స్థితికి వచ్చాడు. ఆరోగ్యం కుదుటపడిందనడానికి మా ఇంట్లో అంతకు మించిన పరీక్ష లేదు.

తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. పత్తి విత్తనాలు మారడం చూశాడు, మా ఊరికి సెల్ టవరు రావడం చూశాడు, నా పెళ్ళి చూశాడు. నేను తెలుగు చదివి కూడా ఉద్యోగం తెచ్చుకోవడం చూసి కొన్నాళ్ళు నమ్మలేదు. చలికాలం వచ్చిందంటే ఉల్లికాడల పులుసు ఉండాల్సిందే, అది నాయనమ్మ చేతిదే అయి ఉండాల్సిందే. ఆవిడ ఉప్పు చూడకుండా వండేది. ఒకసారి ఎక్కువయ్యేది, ఒకసారి తగ్గేది. కూరలో ఉప్పు గురించి ఊరంతా వినపడేలా మాట్లాడే అలవాటున్న మనిషి, ఆ రోజు తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తన కంచం పక్కన చిన్న ఉప్పుగిన్నె పెట్టించుకున్నాడు. ఎక్కువైతే మజ్జిగ కలుపుకునేవాడు, తగ్గితే గిన్నెలో వేలు పెట్టేవాడు. మా ఇంట్లో మొగవాళ్ళు కృతజ్ఞత చెప్పిన పద్ధతుల్లో నాకు తెలిసి అదే అన్నిటికంటే పెద్దది.

ఇప్పుడు ఆ చప్టా లేదు. బోరింగు పంపు బదులు పైన నీళ్ళ ట్యాంకు వచ్చింది, అంట్ల నీళ్ళు ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఉల్లికాడ అన్నం పక్కనుంచి లేచి, ఫ్రైడ్ రైసు మీదికి ఎక్కి కూర్చుంది. రెండు మూడు పచ్చటి రింగులు చల్లుతారు, తినేవాళ్ళు వాటిని ఏరి పక్కన పెడతారు. నేను ఫిర్యాదు చెయ్యడం లేదు. మా అమ్మాయి ఆ సంచి చూసి పేరు అడిగింది కాబట్టే ఇదంతా గుర్తొచ్చింది. ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి, పురుగుమందు సంగతి నాకు తెలియదు గానీ మట్టి మాత్రం లేదు. అయితే ఒకటి. ఆ మాటకి అర్థం మాస్టారు చెప్పింది సరైనదేనని నాకు తెలుసు, ఎక్కడ చెప్పమన్నా చెప్తాను. కాడ అంటే మోసేది. ఆ అర్థం నేను బ్రాడీపేటలో విన్నాను, మా పెరట్లో చూశాను. ఇంట్లో అందరి వాటా తన ఒక్కదాని మీదే రాయించుకుని, మర్నాడు మళ్ళీ మామూలుగా లేచి అంట్లు తోముకున్న మనిషి చేతి అన్నం తిని పెరిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఏం మిగిలిందని లెక్కేసుకుంటే, నాకు దక్కాల్సిన దానికంటే ఎక్కువే దక్కింది.

దాదాపు ఈ మాటలతోనే మా అమ్మాయికి కథ ముగించాను. బాగానే ముగించాననుకున్నాను. అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది, మా ఆవిడ పొయ్యి తగ్గించి వచ్చి గుమ్మంలో నిలబడింది. రాజ్యం అత్త బల్ల దగ్గర కూర్చుని, ఆ సంచిలోని కాడలు ఒక్కొక్కటే తీసి, వాడిన కొసలు గిల్లుతోంది. కథ మొదటినుంచీ వింటూనే ఉంది, ఒక్క చోట కూడా అడ్డం రాలేదు. ఆఖరి కాడ గిల్లి, చెత్తంతా ఒక పక్కకి నెట్టి, కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

"ఆ పులుసు కథ అందరూ చెప్తార్రా. మీ నాన్న చెప్పేవాడు, మస్తాన్ చెప్పేవాడు, ఇప్పుడు నువ్వు చెప్తున్నావు. అన్నేళ్ళు అమ్మ దేంతో అన్నం తిన్నదో ఒక్కడన్నా చెప్పాడా?"